గౌతమి మొగన మన పాత రేవులు

పాత ఓడరేవులు చూడాలంటే మనవాళ్ళు బందరు పోదామంటారు, భీమిలి పోదామంటారు. పిల్లల సెలవులకు విశాఖ వెళ్ళి సముద్రం చూసి వస్తారు. చూడవలసినవే. అయితే మురమళ్ళ సెంటరులో బస్సెక్కి, ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన దాటితే చాలు, ఒకప్పుడు ఈ తీరానికంతటికీ పేరు తెచ్చిన రేవుల మధ్యకు చేరతాము. యానాం, నీలపల్లి, ఇంజరం, కోరంగి, ఆపైన కాకినాడ అన్నీ ఒకే రోడ్డు బాటన ఉన్నాయి. పొద్దున బయలుదేరితే చీకటి పడే వేళకు ఇంటికి రావచ్చు. ఖర్చు కూడా పెద్దగా కాదు.

మురమళ్ళకు వీరేశ్వరస్వామి వారి నిత్యకల్యాణం కోసం రోజూ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వారిలో చాలామంది యానాం దాకా వెళ్ళి గోదావరి చూసి తిరిగిపోతారు. ఇక్కడే పుట్టి పెరిగిన మనకు మాత్రం ఆ ఒడ్డున ఏముందో, ఏమి ఉండేదో తెలిసినది తక్కువ. అందుకని ఈ సంచికలో సంఘ సభ్యులకూ, వారి ఇంటిల్లిపాదికీ ఉపయోగపడేటట్టు ఆ రేవుల సంగతి నాలుగు మాటలు రాయదలిచాము. ఎక్కడ ఏమి చూడాలో చెబుతూనే, ఏవి నిలిచాయి, ఏవి పోయాయి, ఎందుకు పోయాయి అనేది కూడా విచారిద్దాము. ఆ విచారణ చివరకు మన ఇళ్ళ దాకా వస్తుంది.

నది చేసిన రేవులు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుందని పిల్లలందరూ చదువుకున్నదే. ఆ గౌతమి నుంచి యానాం దగ్గర కోరంగి పాయ విడిపోయి కాకినాడ అఖాతం వైపు పోతుంది. ఈ చీలిక దగ్గరే రేవులన్నీ పుట్టాయి. కారణం తేలికగానే తెలుస్తుంది. లోపలి ఊళ్ళలో నేసిన బట్ట, పండిన ధాన్యం పడవల మీద నది వెంబడి దిగి వచ్చేవి. బయట సముద్రంలో పెద్ద ఓడలు లంగరు వేసి ఉండేవి. మొగ దగ్గర ఇసుక మేటలు ఉంటాయి గనుక పెద్ద ఓడ నదిలోకి రాలేదు. సరుకు అంతా చిన్న పడవల్లో వేసుకుని, పోటు చూసుకుని మేట దాటించి, ఓడకు ఎక్కించాలి. పాటు వేళకు చిక్కిందంటే పడవ మళ్ళీ పోటు వచ్చే దాకా అక్కడే కాచుకోవలసిందే. ఓడవాడికీ, పడవవాడికీ, మూటలు మోసేవాడికీ, లెక్క రాసేవాడికీ అందరికీ గడియారం ఆ పోటుపాటులే.

కోరంగి ముందరి సముద్రం మిగతా తీరమంత ఉగ్రంగా ఉండదు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన పొడవాటి తిప్ప ఒకటి అలలకు అడ్డంగా పెరుగుతూ వచ్చింది. దానినే ఈనాడు హోప్ ఐలాండ్ అంటున్నాము. ఆ చాటున ఓడలు నిశ్చింతగా నిలబడేవి. ఇంత మేలు చేసిన నదే రెండో చేత్తో ఒండ్రు పోసి రేవును పూడ్చుకుంటూ కూడా వచ్చింది. ఈ రేవుల కథ అంతా ఈ రెండు చేతుల మధ్య నడిచిందే.

యానాం

ముందుగా యానాం. ఫ్రెంచి వాళ్ళు ఇక్కడ 1723లో కొట్టు పెట్టారు. వ్యాపారం గిట్టక 1727లో ఎత్తేశారు. మళ్ళీ 1731లో వచ్చి స్థిరపడ్డారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చాడు. దాంతో కొన్నేళ్ళపాటు ఈ తీరమంతా వాళ్ళదే అయింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర జరిగిన యుద్ధంలో ఫ్రెంచి సైన్యం ఇంగ్లీషు సేనాని ఫోర్డు చేతిలో ఓడిపోయింది. మరుసటి ఏడు బందరు కోట కూడా పోయింది. ఆ తర్వాత ఫ్రెంచి వాళ్ళకు ఈ ప్రాంతంలో యానాం ఒక్కటే మిగిలింది. యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు వాళ్ళు యానాం పట్టుకోవడం, సంధి కుదిరినప్పుడు తిరిగి ఇచ్చేయడం మామూలైపోయింది. చివరకు 1814 నాటి సంధి ప్రకారం ఫ్రెంచి చేతికి వెళ్ళి, 1954 దాకా వాళ్ళ దగ్గరే ఉంది.

చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి ఊరు. దీనివల్ల విచిత్రాలు జరిగాయి. బ్రిటిష్ ఇండియాలో 1930 నుంచి శారదా చట్టం అమలైతే, ఆ చట్టం చెల్లని యానాం వచ్చి బాల్యవివాహాలు చేసుకుపోయేవారు. ఆ రోజుల్లో ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. మన గట్టున నేరమైన పని ఆ గట్టున పెళ్ళి. పంటు మీద గోదావరి దాటినంత సేపట్లో చట్టం మారిపోయేది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య మొదలైన వారి ఆధ్వర్యంలో యానాం విమోచనం జరిగింది. అదే సంవత్సరం నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఇప్పుడు యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.

అక్కడ చూడవలసినవి చెబుతాము. 1846లో పూర్తయిన సెయింట్ ఆన్ చర్చి ఫ్రెంచి కాలపు కట్టడాలలో ముఖ్యమైనది. పాత దొరల కాలం నాటి పాలనాధికారి నివాసం ఉంది. మీసాల వెంకన్న కోవెల ఉంది. మీసాలున్న వెంకటేశ్వరస్వామిని చూడాలంటే ఇక్కడికే రావాలి. మసీదు ఉంది. గోదావరి గట్టు వెంట నడిచేందుకు చక్కని బాట వేశారు. ఈఫిల్ టవర్ పోలికలో కట్టిన నూరు మీటర్ల ఎత్తు గోపురం వంతెన మీద నుంచే కనబడుతుంది. మంగళవారం నాడు వెళితే సంత కూడా చూడవచ్చు. ఫ్రెంచి కాలంలో విదేశీ సరుకు చౌకగా దొరికే సంత అని పేరు పడింది.

వంతెన సంగతి కూడా పిల్లలకు చెప్పండి. అది రాక ముందు అందరూ ఎదుర్లంక రేవులో పంటు ఎక్కవలసినవారే. ఆసుపత్రికి పోయే గర్భిణి అయినా, కాకినాడ కాలేజీకి పోయే కుర్రవాడైనా పంటు వచ్చే దాకా గట్టున నిలబడవలసినదే. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరు దాకా ఎదిగి, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరు ఆ వంతెనకు పెట్టారు.

యానాంలో కంటికి కనబడనిది ఇంకొకటి ఉంది. ఫ్రెంచి వాళ్ళు తమ పాలనలో ఉన్న ఊళ్ళలో పుట్టుకలూ, పెళ్ళిళ్ళూ, చావులూ రిజిస్టర్లలో రాయించేవారు. ఆ పాత రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్ అనే ఊళ్ళో వలస పాలన పత్రాల భాండాగారంలో ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఇంటి దగ్గరే కంప్యూటరులో చూసుకోవచ్చు. రెండు వందల ఏళ్ళ కింద యానాంలో బతికిన ఒక సామాన్యుడి పేరు, తండ్రి పేరు, చేసిన పని ఈనాడు దొరికే అవకాశం ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

ఇంజరం, నీలపల్లి, బెండమూర్లంక

యానాం దాటగానే వచ్చే నీలపల్లి, ఇంజరం ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ కొట్లు ఉన్న ఊళ్ళు. ఇంజరంలో 1708లోనే కంపెనీ ఫ్యాక్టరీ పెట్టారు. మన కోనసీమలో బెండమూర్లంకలో కూడా ఒకటి ఉండేది. నర్సాపురం దగ్గర మాధవాయిపాలెంలో ఇంకొకటి. ఆ మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషు వాళ్ళ నోట మడపొల్లం అయి, ఒక రకం తెల్లబట్టకు పేరై ప్రపంచమంతా తిరిగింది. 1757లో బుస్సీ దొర ఈ ఇంగ్లీషు కొట్లన్నీ పట్టుకున్నాడు. రెండేళ్ళు తిరగకుండానే అవి మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళవి అయ్యాయి.

ఫ్యాక్టరీ అంటే ఇప్పటిలాగా యంత్రాలున్న చోటు అనుకోకూడదు. ఒక దొర, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు, ఒక దుబాసీ, ఒక గిడ్డంగి, కావలి బంట్రోతులు, అంతే. నేతగాళ్ళకు ముందుగా బయానా ఇస్తారు. పలానా కొలత, పలానా పోగు అని నిర్ణయిస్తారు. నేసిన బట్ట గిడ్డంగికి వచ్చాక నమూనాతో సరిచూస్తారు. నచ్చినది తీసుకుంటారు, నచ్చనిది తిరగగొడతారు, లేదా ధర తెగ్గోస్తారు. తర్వాత చాకళ్ళు ఉతికి తెల్లన చేస్తే, మూటలు కట్టి పడవల మీద ఓడకు పంపుతారు. బయానా తీసుకున్న నేతగాడు ఇంకొకరికి నేయకూడదు. అప్పు తీరేది కాదు, మగ్గం ఆగేది కాదు. ఇంజరం సన్నబట్టకు లండనులో పేరు వచ్చింది. నేసిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ రాయలేదు.

1813లో కంపెనీకి ఇండియా వ్యాపారం మీద ఉన్న గుత్త హక్కు పోయింది. 1833 చట్టంతో వ్యాపారమే మానుకుంది. ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి పడింది. గిడ్డంగులతో పనిలేకపోయింది. ఇప్పుడు ఇంజరం వెళితే కొబ్బరితోటల మధ్య ఒక మామూలు పల్లెటూరు కనబడుతుంది. అక్కడ ఆగి, ఇక్కడి నుంచి బట్ట లండనుకు పోయేదని పిల్లలకు చెబితే నమ్మరు. చెప్పడం మన పని.

కోరంగి

కోరంగి దగ్గర కొంచెం సేపు ఎక్కువ ఆగాలి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తాకూ, సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను ఒడ్డుకు తెచ్చి మరమ్మతు చేయగల చోటు కోరంగి ఒక్కటే అని పాత గెజిటీర్లు రాశాయి. 1802లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన అల్బట్రాస్ ఓడను ఇక్కడే బాగుచేశారు. అంతకన్నా ముందు నుంచీ మన వడ్రంగుల పద్ధతి ఒకటి ఉండేది. పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను బురద గుంటలోకి లాగి, వెనకాల మట్టికట్ట వేసి, నీళ్ళు తోడేసేవారు. ఓడ అడుగు బయటపడితే చెక్కలు మార్చి, సందులు పూడ్చి, తారు పూసేవారు. పని అయ్యాక కట్ట తెగగొడితే మళ్ళీ పోటుతో ఓడ తేలిపోయేది. ఇనుము, ఆవిరి ఏమీ లేకుండా నది చేతే పని చేయించుకున్న తెలివి అది. ఆ పనితనం తాళ్ళరేవు, కోరంగి వడ్రంగుల చేతుల్లో తరతరాలుగా నిలిచింది.

ఇంత రేవునూ దెబ్బతీసింది తుఫాను. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచేశాయి. ఇరవై వేల మంది పోయారని ఆనాటి రాతలు. ఊరు మళ్ళీ లేచింది. 1839 నవంబరులో ఇంకో తుఫాను వచ్చింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఈ 1839 కోరంగి తుఫాను మీద ప్రత్యేకంగా పరిశోధన చేసి రాశాడు. సుడి తిరిగే గాలివానకు సైక్లోన్ అనే మాటను 1848లో పుట్టించింది ఆయనే. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి చావులు కూడా ఉన్నాయన్నమాట.

ఆ తర్వాత ఒండ్రు పూడిక పెరిగి రేవు మెల్లమెల్లగా క్షీణించింది. ఓడలు కాకినాడ ముందు ఆగడం మొదలుపెట్టాయి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద సరుకు కాకినాడకు చేరడంతో కోరంగి వెనకబడిపోయింది.

ఇది పాత కథే అని కోనసీమ వాళ్ళెవరూ అనలేరు. 1996 నవంబరు 6 రాత్రి మనందరికీ తెలుసు. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకు వెళ్ళిన వారు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు నేలకు వాలిపోయాయి. కప్పులు లేచిపోయాయి. ఆ రాత్రి ట్రంకుపెట్టెల్లో నానిపోయిన కాగితాలు, ఫొటోలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో ఎవరి ఇంటి సంగతి వారికి తెలుసు. తుఫాను మనుషులనే తీసుకుపోదు, వాళ్ళ గుర్తులను కూడా తీసుకుపోతుంది.

ఇప్పుడు కోరంగిలో చూడవలసినది మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. అడవి లోపలికి చెక్కబాట వేశారు. నీటిపిల్లులు, నీటికుక్కలు, రకరకాల పక్షులు ఉంటాయి. బ్రిటిష్ కాలపు పాత దీపస్తంభం కూడా ఈ అడవి ప్రాంతంలోనే ఉంది. మడచెట్ల వేళ్ళు బురదను పట్టుకుని అల జోరును తగ్గిస్తాయని పిల్లలకు చూపించండి. 1789 నాటి సంగతి చెప్పి, తర్వాత ఆ వేళ్ళు చూపిస్తే పాఠం ఇంక మరిచిపోరు.

కోరంగి పేరు సముద్రం దాటి కూడా పోయింది. ఇక్కడి నుంచి రంగూను వెళ్ళిన తెలుగువాళ్ళను, ఏ ఊరివాళ్ళయినా సరే, బర్మాలో కోరంగీలనే పిలిచారు. మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసి, డబ్బు పంపి, ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వస్తే వేలాది మంది కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవారు పోయారు. గోదావరి జిల్లాల్లో రంగూను మాట వినని పాత కుటుంబం తక్కువ.

కాకినాడ, రాజమహేంద్రవరం

కాకినాడలో జగన్నాథపురం డచ్చి వాళ్ళ రేవు. 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషు వాళ్ళకు అప్పజెప్పారు. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, మన పత్తికి గిరాకీ వచ్చి కాకినాడ పెరిగింది. 1997లో లోతునీటి రేవు వచ్చింది. పాత తాళపత్రాలు చూడాలనుకునేవారు ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియంకు వెళ్ళాలి. సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారుచేసిన సంస్థ అది.

ఇంకో రోజు తీరిక చేసుకుంటే రాజమహేంద్రవరం పోవచ్చు. దారిలో ద్రాక్షారామం. భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. ఆ ఊళ్ళోనే సయ్యద్ షా బాజీ ఔలియా వారి దర్గా ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, రాజమహేంద్రవరంలో రాళ్ళబండి సుబ్బారావు గారి పేరున మ్యూజియం ఉన్నాయి.

అక్కడి పాత మసీదును తప్పక చూడాలి. గుమ్మం మీద ఫారసీ రాతి శాసనం ఒకటి ఉంది. హిజ్రీ 724, అంటే 1324లో, తుగ్లక్ సుల్తానుల కాలంలో సాలార్ ఉల్వీ అనే ఆయన ఈ మసీదు కట్టించినట్టు అందులో ఉంది. ఆ ఒక్క రాయి వల్లనే గోదావరి ఒడ్డున మన మసీదుకు ఏడు వందల ఏళ్ళు నిండాయని ఎవరైనా వేలు పెట్టి చూపించగలుగుతున్నారు. ఆ రాయి పోయి ఉంటే ఎప్పటిదో పాత మసీదు అనుకునేవాళ్ళము, అంతే.

నోటిలో ఉన్న మ్యూజియం

ఈ రేవుల్లో మనవాళ్ళ పాలు ఏమిటని సభ్యులు కొందరు అడుగుతుంటారు. పెద్ద జవాబు వెతకనక్కరలేదు. రేవులో తెలుగువాడు రోజూ పలికే మాటలు చూడండి. లంగరు ఫారసీ మాట. చుక్కాని అరబ్బీ సుక్కాన్ నుంచి వచ్చింది. పడవ నడిపించే సరంగు, ఓడలో పనిచేసే ఖలాసీ, బందరు అనే పట్నం పేరు, చివరకు తుఫాను అనే మాట కూడా ఆ దారినే వచ్చాయి. బయానా, రసీదు, దస్తావేజు సరేసరి. ఈ మాటలు పలికేవారిలో ఏ మతం వారైనా ఉన్నారు. పరాయి మాటలని ఎవరికీ అనిపించదు. కలిసి ఒకే పడవలో పనిచేసినవారికే ఇలా మాటలు కలిసిపోతాయి. ఏ అద్దాల బీరువాలోనూ పెట్టనక్కరలేని మ్యూజియం ఇది.

గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో బందరు నుంచి మోఖా, జిద్దా రేవులకు ఓడలు వెళ్ళేవి. సరుకుతో పాటు హజ్ యాత్రికులను కూడా తీసుకుపోయేవి. వశిష్ఠ మొగన ఉన్న నర్సాపురంలో ఓడలు కట్టేవారు. గోదావరి అడవుల టేకు, గోదావరి వడ్రంగి చెయ్యి, అరబ్బు సముద్రం దాటే ప్రయాణం. తర్వాత కాలంలో ఇక్కడి నుంచి హజ్‌కు వెళ్ళేవారు రైలులో బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కేవారు. ఆ ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఓడలో వెళ్ళివచ్చిన పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకుంటే, అది మనకు దొరికే చివరి అవకాశం.

రాసి ఉన్నదే నిలిచింది

ఇన్ని ఊళ్ళు తిరిగాక ఒక సంగతి తేలుతుంది. కోరంగి యానాం కన్నా పెద్ద రేవు. అయినా కోరంగిలో ఓడలు బాగుచేసిన వడ్రంగి పేరు ఒక్కటి మనకు తెలియదు. యానాంలో చిన్న పని చేసుకు బతికినవాడి పేరు ఫ్రాన్సులో రిజిస్టరులో దొరుకుతుంది. ఇంజరం నేతగాడు పోయాడు, రాజమహేంద్రవరం సాలార్ ఉల్వీ నిలిచాడు. గొప్పవాడు నిలిచి, చిన్నవాడు పోయాడని కాదు దీని అర్థం. రాసిపెట్టిన చోట చిన్నవాడు కూడా నిలిచాడు. రాయని చోట పెద్ద రేవు కూడా పోయింది. ఈ తీరంలో మట్టి నిలవదు, ఇటుక నిలవదు. ఉప్పుగాలి, వరద, తుఫాను దేన్నీ ఉంచవు. కాగితం మీదకు, ఇంకో చోటికి, ఇద్దరు ముగ్గురి దగ్గరకు చేరినది మాత్రమే మిగులుతుంది.

మరి మన సంగతి ఏమిటి? మన కబరస్తాన్లలో పాత సమాధుల మీద ఉర్దూలో, ఫారసీలో, తెలుగులో రాసిన రాళ్ళు ఉంటాయి. పండుగ వచ్చినప్పుడు భక్తితో సున్నం వేస్తాము, రంగు వేస్తాము. ఏడాదికొక పూత చొప్పున అక్షరాలు నిండిపోతాయి. పూర్వులను గౌరవించే చేతితోనే వారి పేరు చెరిపేస్తున్నాము. ఇళ్ళలో పాత దస్తావేజులు, నికానామాలు, రంగూను ఉత్తరాలు, హజ్ ప్రయాణపు కాగితాలు పెట్టెల అడుగున ఉంటాయి. ఇల్లు మార్చినప్పుడు, వాటాలు పంచుకున్నప్పుడు ముందుగా పోయేవి అవే. ఉర్దూ చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు. వాళ్ళు పోయాక ఆ కాగితాలు మన ఇంట్లోనే ఉన్నా, మనకు మూగవే.

కనుక సంఘ సభ్యులకు నాలుగు మనవులు.

ఒకటి, రాత ఉన్న సమాధి రాయికి సున్నం గాని, రంగు గాని వేయవద్దు. మెత్తని గుడ్డ, మంచినీళ్ళు చాలు. ఉలితో, ఇనుప బ్రష్షుతో గీకవద్దు. పొద్దున్నే గాని, సాయంత్రం గాని ఎండ ఏటవాలుగా పడే వేళ ఫొటో తీస్తే అరిగిన అక్షరం కూడా కనబడుతుంది. చేతిలో ఫోను లేని ఇల్లు ఇవ్వాళ లేదు.

రెండు, ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా సరే, ముందు ఫొటో తీయండి. అసలు మీ దగ్గరే ఉంచుకోండి. సంఘానికి నకలు ఇస్తే చాలు. ఊరు, సంవత్సరం, ఎవరిదో ఒక ముక్క రాసి ఇవ్వండి.

మూడు, డెబ్బై దాటిన పెద్దలు, ముఖ్యంగా నానమ్మలు, అమ్మమ్మలు చెప్పేవి పిల్లల చేత రాయించండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, 1996లోను, అంతకు ముందు తుఫానుల్లోను ఎవరు పోయారు, రంగూను ఎవరు వెళ్ళారు. ఆడవాళ్ళ పేర్లు తప్పకుండా రాయించండి. దస్తావేజుల్లో వాళ్ళ పేర్లు తక్కువగా వస్తాయి.

నాలుగు, సంఘం తరఫున ఏడాదికొకసారి పిల్లలను ఈ రేవుల బాటన తీసుకువెళదాము. యానాం, ఇంజరం, కోరంగి ఒక ఏడు. ద్రాక్షారామం, రాజమహేంద్రవరం ఇంకో ఏడు. చూసి వచ్చినది ఒక్కొక్కరూ ఒక పేజీ రాయాలి. రాసినది ఈ సంచికలోనే వేద్దాము.

ఇవి డబ్బుతో పని లేనివి. ఓపిక ఉంటే చాలు. కబరస్తాన్ రాళ్ళ పని ఈ వానాకాలం లోపలే మొదలుపెట్టాలని మా కోరిక. ఏ ఊరి కబరస్తాన్‌లో రాత ఉన్న రాళ్ళు ఎన్ని ఉన్నాయో ఆ ఊరి సభ్యులు లెక్కపెట్టి, వచ్చే సమావేశానికి తీసుకురండి. ఆ లెక్క దగ్గర నుంచి మొదలుపెడదాము.